సర్కారు కొలువు ఇంటర్వ్యూకు మన పిల్లల తయారీ

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ప్రతి సంవత్సరం ఈ సభలో విద్య గురించి ఒకరు మాట్లాడటం మన సంఘం ఆనవాయితీ. "బాగా చదవండి" అని చెప్పి దిగిపోవడం సులభమే. అందుకని ఈసారి ఒక చిన్న విషయమే తీసుకున్నాము. రాతపరీక్ష గట్టెక్కిన పిల్లవాడు ఇంటర్వ్యూ గది తలుపు దగ్గర ఎందుకు తడబడుతున్నాడు? దానికి మనం ఏం చేయాలె? ఇదే ఈ నాటి ప్రసంగం.

ముందు ఒక ఇంటి సంగతి చెప్పుతాము. పేరు చెప్పము, మీరూ అడగవద్దు. మన ఊరి అబ్బాయి ఒకడు కేంద్ర ప్రభుత్వపు ఒక కొలువుకు రాతపరీక్ష ప్యాసై ఇంటర్వ్యూకు పోయినాడు. తండ్రి సాగర్ రోడ్డు మీద టైర్లకు పంక్చర్లు వేస్తాడు. ఫారంలో తండ్రి వృత్తి అన్నచోట అబ్బాయి "వ్యాపారం" అని రాసినాడు. లోపల కూర్చున్నవారిలో ఒకరు మర్యాదగానే అడిగినారు: "ఏం వ్యాపారం బాబూ? ఎంతమంది పనివాళ్లున్నారు? ఏడాదికి అమ్మకం ఎంత?" అబ్బాయికి నాలుక ఎండిపోయింది. ఏదో ఒక అబద్ధం చెప్పినాడు. దాన్ని నిలబెట్టుకునేటందుకు ఇంకొకటి చెప్పినాడు. ఆ తరువాత వచ్చినవి తేలికైన ప్రశ్నలే అయినా తల ఎత్తి జవాబు చెప్పలేకపోయినాడు. బయట చెట్టు కింద ఆ తండ్రి టిఫిన్ డబ్బా పట్టుకొని కూర్చున్నాడు. తరువాత ఆ పిల్లవాడు మా దగ్గరికి వచ్చి, "నౌకరీ పోయినందుకు కాదు చాచా, అబ్బాను దాచిపెట్టినట్టయింది" అని ఏడ్చినాడు.

సోదరులారా! ఆ రోజు నుంచి మేము ఆలోచిస్తూ ఉన్నాము. ఆ అబ్బాయికి జ్ఞానం తక్కువ కాలేదు. తాను ఎవడో చెప్పుకునే ధైర్యం తక్కువైంది. ఆ లోటు పుస్తకం తీర్చేది కాదు. ఇల్లు, వాడ, సంఘం కలిసి తీర్చాలె.

ఇంటర్వ్యూ ఎక్కడ ఉన్నది, ఎక్కడ లేదు

మన వాళ్లలో చాలామందికి ఇప్పటికీ సర్కారు నౌకరీ అంటే ఇంటర్వ్యూ, ఇంటర్వ్యూ అంటే సిఫారసు అన్న భావనే ఉన్నది. కాలం మారిందని ముందు గ్రహించాలె. 2015 ఆగస్టు 15న ప్రధానమంత్రి ఎర్రకోట ప్రసంగంలో కింది స్థాయి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు ఎందుకని ప్రశ్నించారు. 2016 జనవరి 1 నుంచి కేంద్రంలో గ్రూప్ సి, గెజిటెడ్ కాని గ్రూప్ బి ఉద్యోగాలలో చాలావాటికి ఇంటర్వ్యూలు తీసివేశారు. మన తెలంగాణలో 2022 ఏప్రిల్‌లో మంత్రివర్గం గ్రూప్-1, గ్రూప్-2లకు కూడా ఇంటర్వ్యూ వద్దని నిర్ణయించింది. అంతకు ముందు గ్రూప్-1లో 100 మార్కులు, గ్రూప్-2లో 75 మార్కులు ఇంటర్వ్యూకే ఉండేవి.

కాబట్టి ఎవరైనా వచ్చి "గ్రూప్-2 ఇంటర్వ్యూలో మా మనిషి ఉన్నాడు, ఇన్ని లక్షలు ఇవ్వండి" అంటే, లేని గదికి తాళంచెవి అమ్ముతున్నాడని తెలుసుకోండి. అమ్మీల నగలు కుదువపెట్టి బ్రోకరు చేతిలో పోయవద్దని చేతులు జోడించి మనవి చేస్తున్నాము.

మరి ఇంటర్వ్యూ ఎక్కడ ఉన్నది? ఐ.ఏ.ఎస్., ఐ.పి.ఎస్. వంటి కొలువులకు యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ నడిపే సివిల్ సర్వీసెస్ పరీక్షలో ఉన్నది. అందులో రాతకు 1750, ఇంటర్వ్యూకు 275, మొత్తం 2025 మార్కులు. బ్యాంకు ప్రొబేషనరీ ఆఫీసరు ఎంపికలో రాతకు 80 పాళ్లు, ఇంటర్వ్యూకు 20 పాళ్లు. ఇంటెలిజెన్స్ బ్యూరోలో అసిస్టెంట్ సెంట్రల్ ఇంటెలిజెన్స్ ఆఫీసరు పోస్టుకు మొదటి పరీక్ష 100, వ్యాసరూప పరీక్ష 50, ఇంటర్వ్యూ 100. 2025లో ఆ పోస్టులు 3,717 అని ప్రకటన వచ్చినప్పుడు మన ఊరి నుంచి ఎందరు దరఖాస్తు పెట్టినారో ఒక్కసారి లెక్క వేసుకోండి.

"పేరు చూసి తీసేస్తారు" అనే మాట

ఈ మాట ప్రతి టీ హోటల్లో వింటాము. దీన్ని దాటవేసి పోవడం మాకు ఇష్టం లేదు. వివక్ష ఈ లోకంలో లేదని చెప్పటానికి మేము రాలేదు. కానీ లెక్క కూడా చూడాలె. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక ప్రకారం ఐ.ఏ.ఎస్.లో ముస్లిములు 3 శాతం, ఐ.ఎఫ్.ఎస్.లో 1.8 శాతం, ఐ.పి.ఎస్.లో 4 శాతం. ఇది బాధ కలిగించే లెక్కే. అయితే అదే నివేదికలో ఇంకొక మాట ఉన్నది. 2003, 2004 సంవత్సరాల సివిల్స్ మెయిన్ పరీక్ష రాసినవారిలో మనవాళ్లు 4.9 శాతమే, రాసినవారిలో నెగ్గినవారి పాలు మాత్రం ఇతరులతో దాదాపు సమానం. అర్థం ఏమిటి? తలుపు దగ్గర ఆగిపోయినవారికంటే అసలు తలుపు దాకా పోనివారే ఎక్కువ.

చట్టం కూడా మనకు అండగా ఉన్నది. రాజ్యాంగం 16వ అధికరణం ప్రకారం మతం కారణంగా ప్రభుత్వోద్యోగంలో ఎవరికీ వివక్ష చూపరాదు. ఇంటర్వ్యూ మార్కుల మీద సుప్రీంకోర్టు తీర్పులు ఉన్నాయి. శ్రీనగర్ ఇంజనీరింగు కాలేజీ ప్రవేశాలలో 150 మార్కులకు 50 మార్కులు మౌఖిక పరీక్షకు పెట్టి, రెండు మూడు నిమిషాల్లో ముగించారని విద్యార్థులు కోర్టుకెక్కారు. అజయ్ హాసియా కేసు అని దానికి పేరు. ప్రతివాదుల్లో మొదటి పేరు ఖాలిద్ ముజీబ్. 1980 నవంబరులో ఇచ్చిన ఆ తీర్పులో మూడవ వంతు మార్కులు మౌఖికానికి ఇవ్వడం అన్యాయమనీ, 15 శాతం దాటకూడదనీ కోర్టు చెప్పింది. 1985లో హర్యానా ఉద్యోగాలకు సంబంధించిన అశోక్ కుమార్ యాదవ్ కేసులో, అటువంటి పోటీ పరీక్షలకు 12.2 శాతం చాలునన్నది. అన్ని కొలువులకూ ఒకే హద్దు అని కోర్టు అనలేదు గాని, ఇష్టం వచ్చినట్టు మార్కులు వేసే కాలం మాత్రం పోయింది. ఇంకొక సంగతి: సివిల్స్ ఇంటర్వ్యూ బోర్డువారికి అభ్యర్థి రాతపరీక్ష మార్కులు తెలియనివ్వరు.

అందుచేత "మనకెట్లాగూ రాదు" అన్న మాట పిల్లల చెవిన వేయకండి. ఆ మాట వింటూ పెరిగినవాడు గదిలోకి ఓడిపోయే అడుగు పెడతాడు.

ఫారమే మొదటి పుస్తకం

ఇక తయారీ సంగతి. ఇంటర్వ్యూలో సగం ప్రశ్నలు మనం చేతులారా నింపి ఇచ్చిన ఫారం నుంచే పుడతాయి. పేరు, ఊరు, తండ్రి వృత్తి, చదువు, అభిరుచి. కాబట్టి ఫారం నకలు ఒకటి ఇంట్లో ఉంచుకొని, ఒక్కొక్క గడి పక్కన రాగల ప్రశ్నలు రాసుకోవాలె.

మొదటి గడి పేరు. మన ఇళ్లలో ఇదే పెద్ద చిక్కు. పదవ తరగతి మెమోలో ఎం.డి. అని ఉంటుంది, ఆధార్‌లో మహమ్మద్ అని, డిగ్రీలో మొహమ్మద్ అని ఉంటుంది. షేక్, సయ్యద్ ఒకచోట ముందు, ఒకచోట వెనుక. ఆడపిల్లల పేర్లలో బేగం ఒకచోట ఉంటుంది, ఇంకొకచోట ఉండదు. పదవ తరగతి మెమోను ఆధారంగా పెట్టుకొని తక్కిన కాగితాలు ఇప్పుడే సరిచేయించండి. సర్టిఫికెట్ల పరిశీలన రోజు పరుగులు పెడితే పని కాదు.

రెండవది రిజర్వేషను. రాష్ట్రంలో బి.సి.-ఇ కింద మనలో చేర్చిన వర్గాలకు 4 శాతం ఉన్నది. కేంద్రపు ఓ.బి.సి. జాబితా వేరు. మీ వర్గం పేరు అందులో ఉందో లేదో చూసుకోకుండా గడిలో టిక్కు పెట్టకండి. లేకుంటే, ఆదాయం, ఆస్తి హద్దుల్లో ఉన్నవారికి 2019లో వచ్చిన 10 శాతం ఇ.డబ్ల్యు.ఎస్. కోటా ఉన్నది. ఏ సర్టిఫికెట్ అయినా ప్రకటనలో చెప్పిన నమూనాలో, చెప్పిన తేదీలోపల ఉండాలె.

మూడవది ఊరు. "ఇబ్రహీంపట్నం పేరు ఎట్లా వచ్చింది?" అని అడిగితే ఎంతమంది చెప్పగలరు? 1550 నుంచి 1580 వరకు గోల్కొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా పేరు మీద వచ్చింది. మన పెద్దచెరువు ఆ కాలపుదే. హైదరాబాదు హుస్సేన్‌సాగర్ కూడా ఆయన ఏలుబడిలోనే తవ్వించినది. తెలుగు కవులు ఆయనను ప్రేమతో మల్కిభరాముడు అని పిలిచినారు. అద్దంకి గంగాధరకవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకు అంకితం ఇచ్చినాడు. ముస్లిము పాదుషాకు తెలుగు కావ్యం అంకితమైన చరిత్ర మన ఊరి పేరులో ఉన్నది. ఈ ఒక్క మాట నిదానంగా చెప్పగలిగిన పిల్లవాడిని ఏ బోర్డు అయినా ఆసక్తితో వింటుంది. అట్లాగే రంగారెడ్డి జిల్లా 1978లో ఏర్పడిందనీ, కొండా వెంకట రంగారెడ్డి గారి పేరు పెట్టారనీ తెలిసి ఉండాలె. ఆదిబట్లలో విమానాల భాగాలు తయారుచేసే కర్మాగారాలు ఉన్నాయి. జాతీయ భద్రతా దళం వారి ప్రాంతీయ కేంద్రం మన ప్రాంతంలోనే ఉన్నది. చెరువు కింద సేద్యం తగ్గి ప్లాట్లు పెరగడం మన కళ్లముందటి మార్పు. "మీ ఊరి సమస్య ఏమిటి, నువ్వు అధికారివైతే ఏం చేస్తావు?" అన్న ప్రశ్నకు జవాబు ఢిల్లీ పుస్తకాల్లో దొరకదు. చెరువు కట్ట మీద నడిస్తే దొరుకుతుంది.

నాలుగవది అభిరుచి. క్రికెట్టు, పుస్తకపఠనం అని అందరూ రాస్తారు. ఏ పుస్తకం అని అడిగితే నోరు తెరుస్తారు. నిజంగా చేసే పని ఏదో అదే రాయండి. పావురాలు పెంచడం, కైట్లు ఎగరేయడం, ఖవ్వాలీ వినడం, ఇంట్లో బిర్యానీ వండటం, ఇవేవీ తక్కువ కాదు. వాటి గురించి పది ప్రశ్నలు తట్టుకుంటే చాలు.

అబద్ధం చేసే నష్టం

ఎంపిక తరువాత అటెస్టేషన్ ఫారం నింపమంటారు. మీ మీద ఎప్పుడైనా కేసు ఉన్నదా, అరెస్టు అయినారా అని అందులో ప్రశ్నలుంటాయి. తరువాత పోలీసు విచారణ జరుగుతుంది. మన వాడల్లో చిన్న గొడవకు పేరు రాసి, తరువాత రాజీ అయిపోయిన కేసులు కొన్ని ఉంటాయి. "కొట్టేసిన కేసే కదా, ఎందుకు రాయాలె" అని కొందరు సలహా ఇస్తారు. ఆ సలహా వినవద్దు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం వివరంగా చెప్పింది. అభ్యర్థి ఇచ్చే సమాచారం నిజమై ఉండాలె, దాచరాదు. చిన్న వయసులో జరిగిన అల్పమైన విషయమైతే అధికారులు దాన్ని క్షమించి ఉపేక్షించవచ్చు. నిజం చెప్పినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదు గాని, దాచినవాడు తన చేతులతోనే ఒక కారణం వారికి అందించినట్టు అవుతుంది. సందేహం ఉంటే వకీలును అడిగి, కేసు కాగితాల నకళ్లు తెచ్చుకొని, ఉన్నది ఉన్నట్టు రాయండి. నిజం పలకడం మన దీన్‌లో ఎంత గొప్పదో ఈ సభలో మేము చెప్పనక్కరలేదు.

భాష భయం

మన పిల్లలు ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు. మూడూ వచ్చును, మూడింటా జంకే. సివిల్స్ మెయిన్స్ తెలుగులో గాని, ఉర్దూలో గాని రాసినవారు అదే భాషలో ఇంటర్వ్యూ ఇచ్చే వీలున్నది. శ్రీకాకుళం జిల్లా పల్లెటూరి రైతుకూలీల బిడ్డ, బడిపంతులు రోణంకి గోపాలకృష్ణ తెలుగులో పరీక్ష రాసి, తెలుగులోనే ఇంటర్వ్యూ ఇచ్చి, 2016 సివిల్స్‌లో దేశంలో 3వ ర్యాంకు తెచ్చుకున్నారు. 2009 సివిల్స్‌లో దేశానికి మొదటి స్థానంలో నిలిచిన కశ్మీరు యువకుడు షా ఫైసల్ తీసుకున్న ఐచ్ఛిక విషయాల్లో ఉర్దూ సాహిత్యం ఒకటి. ఇంగ్లీషు అక్కరలేదని మేము అనటం లేదు. బ్యాంకులకు, మరి కొన్ని కొలువులకు అది కావలసిందే. అయితే అరువు తెచ్చుకున్న పెద్ద పెద్ద మాటలకంటే తప్పులు లేని చిన్న వాక్యాలు మేలు. రోజూ పావుగంట పత్రిక గట్టిగా చదివి, చదివింది సొంత మాటల్లో ఇంట్లోవారికి చెప్పండి. అమ్మీకి అర్థమైతే బోర్డుకూ అర్థమవుతుంది.

గదిలో

గదిలో మర్యాదగా సలహాలు ఇచ్చేవారు కాదు, కొంచెం కదిలించి చూసేవారూ ఉంటారు. కమిషన్ వారు తమ ప్రకటనలోనే చెప్పుకున్నారు, అది వకీలు అడ్డప్రశ్నల వంటిది కాదనీ, ఒక ఉద్దేశంతో సాగే సంభాషణ అనీ. వారు చూసేది చురుకుదనం, తూకం తప్పని ఆలోచన, నీతి, నలుగురిని కలుపుకొని పోయే గుణం. తెలియని ప్రశ్నకు "తెలియదు సార్, తెలుసుకుంటాను" అంటే తప్పు లేదు. ఊహించి చెప్పితే తప్పు.

మతం గురించి, దేశంలోని వివాదాల గురించి ప్రశ్న రావచ్చు. మన పిల్లలు ఇక్కడే రెండు తప్పులు చేస్తున్నారు. కొందరు కోపం తెచ్చుకుంటారు. కొందరు ఎదుటివారిని మెప్పించడానికి తమవారినే తిట్టిపోస్తారు. రెండూ వద్దు. చట్టం ఏం చెప్పింది, ఒక అధికారిగా నా బాధ్యత ఏమిటి అన్న రెండు మెట్ల మీద నిలబడి జవాబు చెప్పండి. ఒక ఊరిలో రెండు పండుగల ఊరేగింపులు ఒకేరోజు వస్తే ఏం చేస్తావు అని అడిగితే, ఇద్దరి పెద్దలనూ కూర్చోబెట్టి దారి, వేళ ముందే నిర్ణయిస్తాను అనండి. మన ఊళ్లలో పీరీల పండుగకు అన్ని కులాలవారూ కలిసి నడవటం మీరు చూడనిదా?

ఆడపిల్లల గురించి తల్లిదండ్రులకు ఒక మాట. రాతపరీక్ష దాకా చదివించి, ఇంటర్వ్యూకు ఢిల్లీ పోవాలనగానే "అంత దూరమా" అని ఆపేసిన ఇళ్లు మాకు తెలుసు. తండ్రో, అన్నో వెంట వెళ్లండి. రెండు రోజుల రైలు ప్రయాణం కోసం ముప్పై ఏళ్ల కొలువు పోగొట్టుకోవద్దు.

మన సంఘం చేయవలసినది

మాటలు చెప్పి దిగిపోము అన్నాము కాబట్టి కమిటీ ముందు నాలుగు మనవులు పెడుతున్నాము. ఒకటి: నెలకొక ఆదివారం అసర్ నమాజు తరువాత నమూనా ఇంటర్వ్యూ పెట్టాలె. బోర్డులో మన పెద్దలే కాదు, రిటైరైన తహసీల్దార్లు, హెడ్‌మాస్టర్లు, బ్యాంకు మేనేజర్లు, హిందూ మిత్రులు కూడా కూర్చోవాలె. తెలియని ముఖాల ముందు మాట్లాడే అలవాటు అట్లాగే వస్తుంది. రెండు: కాగితాలు సరిచేయించడానికి, ఫారాలు నింపడానికి చదువుకున్న ఇద్దరు వాలంటీర్లు ఉండాలె. మూడు: ఇంటర్వ్యూకు పోయే పేద అభ్యర్థికి రైలు ఖర్చు, ఒక జత బట్టలు సంఘం నిధి నుంచి ఇవ్వాలె. నాలుగు: హైదరాబాదులోని మైనారిటీస్ స్టడీ సర్కిల్ ఉచిత శిక్షణ ప్రకటనలు వచ్చినప్పుడు జుమా రోజున మసీదు బోర్డు మీద అంటించాలె.

చివరగా ఆ పంక్చరు దుకాణం అబ్బాయి సంగతి. మరుసటి ఏడు ఇంకొక ఇంటర్వ్యూకు పోయినాడు. ఈసారి ఫారంలో "తండ్రి: టైరు పంక్చర్లు వేయు పని" అని రాసినాడు. బోర్డులో ఒకరు నవ్వి, "ఎండాకాలంలో పంక్చర్లు ఎందుకు ఎక్కువవుతాయి?" అని అడిగినారట. రోడ్డు వేడికి ట్యూబు మెత్తబడి పాత అతుకు ఊడిపోవడం దగ్గర నుంచి మొదలుపెట్టి, వాళ్ల నాన్న చెప్పిందంతా చెప్పినాడు. పది నిమిషాలు టైర్ల మీదనే గడిచింది. ఎంపికైనాడా అని మీరు అడుగుతారు. కొద్ది మార్కులలో పోయింది. కానీ ఈసారి ఏడవలేదు. ఇంటికి వచ్చి, "అబ్బా, ఈ రోజు వాళ్లు నీ పని గురించే అడిగినారు" అని చెప్పినాడు. ఆ తండ్రి ఏమీ అనలేదు, చేతులు తుడుచుకొని కొడుకుకు చాయ్ పోసినాడు. ఆ అబ్బాయి మళ్లీ చదువుతున్నాడు. ఈ సభలోనే ఎక్కడో కూర్చొని వింటున్నాడు.

అల్లా తఆలా అతనికీ, మన బిడ్డలందరికీ తాము పుట్టిన ఇంటి పేరు తలెత్తి చెప్పుకునే ధైర్యం, చెప్పిన మాట నిలబెట్టుకునే నిజాయితీ ప్రసాదించుగాక. ఆమీన్.